నాలుగో గుంజ దగ్గర

విండర్లీ అనే ఆ పాత బంగళా వంటింటి తలుపు తీయడానికి ఒక పద్ధతి ఉంది. తాళంచెవి తిప్పే ముందు తలుపును భుజంతో కొంచెం పైకెత్తాలి. వానాకాలమైతే మరికొంచెం ఎత్తాలి. వెర్లీన్ గెయిన్స్ ఇరవై ఆరేళ్ళుగా ఉదయం తొమ్మిదింటికి ఆ తలుపును అలాగే ఎత్తి తీస్తోంది. లోపలికి వెళ్ళి కిటికీలు తెరుస్తుంది. రాతి పొయ్యి మీద వేలాడే ఇనుప కుండల దుమ్ము తుడుస్తుంది. నిన్నటి సందర్శకులు ఎవరైనా బల్ల మీద కళ్ళజోడో చేతిరుమాలో మరిచిపోయి ఉంటే తీసి ఆఫీసులో ఇచ్చి వస్తుంది. పది గంటలకు మొదటి గుంపు వస్తుంది. అప్పటినుంచి సాయంత్రం దాకా ఆమె ఆ ఇంటి కథ చెబుతూనే ఉంటుంది.

ఆ ఇల్లు కట్టించినవాడు దేశానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. పదవి దిగిపోయాక వర్జీనియాలోని ఈ ఎర్రమట్టి కొండవాలుకు తిరిగివచ్చి, పదిహేడేళ్ళు పొగాకు పండిస్తూ, ఉత్తరాలు రాస్తూ, చూడవచ్చినవాళ్ళందరికీ విందులు చేస్తూ బతికాడు. పండించినవాళ్ళు వేరు, వండినవాళ్ళు వేరు. ఆయన పండించాడనీ విందులు చేశాడనీ అనడం భాషకు పట్టిన అలవాటు. ఆ అలవాటును తన నోటినుంచి వదిలించుకోవడానికి వెర్లీన్‌కు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ అలసిపోయిన రోజున, ఆఖరి గుంపుకు చెబుతున్నప్పుడు, "ఆయన ఈ గోడ కట్టాడు" అనేసి, ఒక్క క్షణం ఆగి, "కట్టించాడు" అని దిద్దుకుంటుంది.

నిప్పు భయం చేతా, వంట వాసన విందు గదిలోకి రాకూడదనే పట్టింపు చేతా వంటిల్లు పెద్దింటికి దూరంగా ఉంటుంది. రెంటినీ కలుపుతూ పైకప్పున్న ఒక పొడవాటి నడవ, ఇరుపక్కలా పన్నెండేసి చెక్క గుంజలు. అధ్యక్షుడి భార్య ఆ నడవకు ఒక నియమం పెట్టింది. వంటింటినుంచి పళ్ళాలు మోసుకొచ్చే పిల్లలు దారి పొడవునా ఈల వేస్తూ రావాలి. ఈల వేసే నోరు నమలలేదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఈల వినిపిస్తున్నంతసేపూ పళ్ళెంలోది పళ్ళెంలోనే ఉందని నమ్మకం. విందుకొచ్చిన అతిథులు తమ ఉత్తరాల్లో ఆ ఈల గురించి ముచ్చటగా రాశారు, ఇక్కడి పనివాళ్ళు ఎంత హుషారైనవాళ్ళో చూడండని.

ఆ ఈల ఇప్పటికీ వినిపిస్తుంది. రోజూ మూడు గంటలకు, ఆ కాలపు భోజనం వేళకు, వంటింటి గడప దగ్గర మొదలై నడవ పొడవునా సాగి, భోజనశాల తలుపు దగ్గర ఆగిపోతుంది. అధ్యక్షుడి మనవలు ఇల్లు అమ్ముకున్నాకా వినిపించింది. తరవాత గుర్రాలు పెంచే కుటుంబం వచ్చింది, వాళ్ళ తరవాత వేసవి విడిది నడిపిన అక్కచెల్లెళ్ళు వచ్చారు. ఒక యజమాని నడవను కూలగొట్టించి గులాబీలు నాటిస్తే, ఇరవై ఏళ్ళపాటు ఆ ఈల గులాబీ మళ్ళ మధ్యనుంచి, ఎండలోనూ వానలోనూ, అదే అడుగుల లెక్కతో నడిచింది. తోటమాలులు మూడయ్యేసరికి పారలు పక్కన పెట్టి దారి ఇచ్చేవారట. తరవాత ఇల్లు మ్యూజియం అయింది. నడవను పాత కొలతలతో మళ్ళీ కట్టారు. ఇప్పుడు మూడు కొట్టే ముందు గైడ్లు, "కొంచెం గుంజలవైపు జరగండి" అంటారు. గడప ఎత్తుగా ఉంది, చూసుకోండి అన్నప్పుడు ఎలా అంటారో అలాగే అంటారు. జనం జరుగుతారు. ఈల వాళ్ళ ముందునుంచి పోతుంది. ఆ తరవాత అందరూ తోట చూడ్డానికి వెళ్ళిపోతారు.

ఆ ఈల డోర్కస్‌దని వెర్లీన్‌కు తెలుసు. డోర్కస్ ఆమె ముత్తాతకు తల్లి. బానిసగా పుట్టి, ఈ నడవలో పళ్ళాలు మోసి, స్వేచ్ఛ వచ్చాక కొండ దిగువన సొంత ఇంట్లో కన్నుమూసిన మనిషి. ఇదంతా కాగితాల మీద ఉంది. కాగితాల విషయంలో వెర్లీన్‌ను మించినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

పదేళ్ళ క్రితం, ఇక్కడ బానిసలుగా బతికినవాళ్ళ వారసులంతా ఒక సంఘంగా కూడినప్పుడు, మ్యూజియం ఆఫీసువాళ్ళు మర్యాదగా కూర్చుని వాళ్ళు చెప్పేది విన్నారు. మా నానమ్మ చెప్పేది, మా తాత అనేవాడు అంటూ ఒక్కొక్కరూ మొదలుపెట్టగానే ఆ మర్యాద చిరునవ్వుగా మారడం వెర్లీన్ చూసింది. ఆ చిరునవ్వు ఆమెను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. చివరికి సంఘం చేత ఆమే ఒక నియమం పెట్టించింది. ఎవరి పూర్వీకుడి పేరైనా జాబితాలో చేరాలంటే రెండు కాగితాలు ఉండాలి. ఆఫీసు అడిగింది ఒక్కటే. మనం రెండు అడిగితే ఇక ఎవరూ నవ్వరు, అంది వెర్లీన్. నిజంగానే ఎవరూ నవ్వలేదు. ఆ జాబితా నూటపన్నెండు పేర్లయింది. కొండ వెనక సమాధుల తోటలో ఆ పేర్లన్నీ ఒకే రాతి మీద చెక్కుతున్నారు. శనివారం ఆ రాతిని ఆవిష్కరిస్తారు.

రాతిపని చివరికొచ్చిన ఆ వారం, బుధవారం సాయంత్రం నాలుగు దాటాక, ఒక ముసలామె వంటింటి తలుపు దగ్గర నిలబడి కనిపించింది. పొడవైన మనిషి. చర్చికి వేసుకునే ఊదా రంగు టోపీ పెట్టుకుంది. చేతిలో చిన్న సంచీ.

"ఇక్కడ పేర్లు చూసేది నువ్వేనా?"

"నేనేనమ్మా. రండి, కూర్చోండి. ఎక్కడినుంచి వచ్చారు?"

"నాచెజ్, మిసిసిపీ. ఒకటిన్నర రోజు బస్సులో. పక్క సీటాయన అట్లాంటా దాకా తన మోకాలి ఆపరేషన్ గురించే చెప్పాడు. ఇప్పుడు ఎవరికైనా అవసరమైతే ఆ ఆపరేషన్ నేను చేసిపెట్టగలను." ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా కూర్చుని, ఊపిరి సర్దుకునేదాకా ఆగింది. "నా పేరు ఐడెల్లా స్ట్రోథర్. మా అమ్మమ్మకు ముత్తవ్వ ఈ ఇంటి పిల్ల. సిల్వీ ఆమె పేరు. పదహారేళ్ళప్పుడు ఇక్కడినుంచి అమ్మేశారు. ఆ పేరు మీ రాతి మీద పెట్టించుకుందామని వచ్చాను."

వెర్లీన్ జాబితా తెరవలేదు. తెరవక్కరలేదు. నూటపన్నెండు పేర్లూ ఆమెకు కంఠతా వచ్చు, అందులో సిల్వీ లేదు.

"మీ దగ్గర కాగితాలేమైనా ఉన్నాయా అమ్మా? అమ్మిన పత్రం, జనాభా లెక్కల్లో పేరు, కుటుంబపు బైబిల్..."

"బైబిల్ ఉండేది. మా అమ్మ చిన్నప్పుడు వరదొచ్చి ఇంటితోపాటు అదీ పోయింది. దాన్లో పుట్టినవాళ్ళ పేర్లన్నీ రాసి ఉండేవట."

"మరి ఇప్పుడు చూపించడానికి ఏముంది?"

"నోరుంది," అంది ఐడెల్లా.

వెర్లీన్ నియమం వివరించింది. సానుభూతితోనే వివరించింది, కానీ ఎన్నోసార్లు చెప్పిన మాటలు కావడంతో అవి గులకరాళ్ళలా నునుపెక్కిపోయి ఉన్నాయి. ఐడెల్లా కళ్ళు ఆర్పకుండా విన్నది.

"చూడు తల్లీ," అంది చివరికి. "నాకు డెబ్బై అయిదు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క చెల్లెలూ నాలుగేళ్ళ క్రితం పోయింది. నా గుండె సంగతి డాక్టరు చెప్పిన తీరు చూస్తే ఇంకో ప్రయాణం చెయ్యగలనని అనుకోను. సిల్వీ అని ఒక మనిషి ఉండేదని ఈ భూమ్మీద తెలిసింది నా ఒక్కదానికే. నాతోనే అది పోతుంది. నువ్వడిగే కాగితం రాయాల్సింది ఎవరు? ఆమెను అమ్మినవాళ్ళేగా. వాళ్ళు రాయకపోతే ఆ తప్పు ఆమెదా?"

"తప్పని కాదు. ఈ ఒక్కసారి అని మొదలుపెడితే..."

"ఆగదు. నిజమే." ఆమె లేచింది. "శనివారం నన్ను అతిథిగా రమ్మంటావు, అంతేగా? వస్తాను. ఈలోగా రేపు ఇల్లయినా చూపించు. మావాళ్ళు ఏ గడప తొక్కారో చూసి పోతాను."

ఆమె వెళ్ళిపోయాక వెర్లీన్ చాలాసేపు ఖాళీ పొయ్యి ముందు కూర్చుంది. ఇన్నేళ్ళలో చాలామందిని వెనక్కి పంపింది. వాళ్ళలో కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. తప్పెవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటి గుంపులో ఐడెల్లా వచ్చింది. అధ్యక్షుడి పడకగదిలో మంచాన్ని పరీక్షగా చూసి, "ఇంతేనా మంచం? దీని మీద పడుకుని దేశం గురించి ఆలోచించాడా? కాళ్ళు బయటికొచ్చి ఉంటాయి," అంది. పక్కనున్న దంపతులు నవ్వు ఆపుకున్నారు. గ్రంథాలయంలో ఆయన స్వేచ్ఛ గురించి రాసిన వాక్యాన్ని అద్దం కింద పెట్టి ఉంచారు. దాన్ని ఆమె రెండుసార్లు చదువుకుని ముందుకు కదిలింది.

మూడుకు ఐదు నిమిషాలుండగా నడవలోకి వచ్చారు. "కొంచెం గుంజలవైపు జరగండి," అంది వెర్లీన్. అందరూ జరిగారు. ఐడెల్లా ఎండ పడని చోటు వెతుక్కుని, వంటింటి వైపునుంచి నాలుగో గుంజకు ఆనుకుని నిలబడింది.

ఈల మొదలైంది. పలచగా, నిలకడగా, పళ్ళెం బరువుకు అడుగు కొంచెం కుంగుతున్నట్టుగా వచ్చింది. మొదటి గుంజ దాటింది, రెండోది, మూడోది. నాలుగో గుంజ దగ్గర ఎప్పటిలాగే తెగిపోయింది. రోజూ అక్కడ తెగి, నాలుగు అడుగుల తరవాత మళ్ళీ అందుకుంటుంది. పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకునేదని పాత గైడ్లు చెప్పేవారు. వెర్లీన్ ఆ మాట మార్చింది. ఇక్కడ డోర్కస్ ఒక ముద్ద నోట్లో వేసుకునేది, తనది కాదన్న తిండిలో తన వాటా ధైర్యంగా తీసుకునేది అని చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాక్యం చెప్పినప్పుడల్లా ఆమె వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది. ఇవాళ కూడా ఆ వాక్యం చెప్పడానికి నోరు తెరిచింది.

కానీ ఆ ఖాళీలో ఈల ఆగలేదు. ఐడెల్లా వేసింది. తుమ్ము వచ్చినట్టుగా, తనకే తెలియకుండా, గుంజకు ఆనుకునే ఏడు స్వరాలు వేసింది. ఆ ఏడో స్వరం చివర పట్టుకుని మొదటి ఈల ముందుకు సాగిపోయింది. అతుకు కనబడలేదు. ఐదో గుంజ, ఆరోది, అలా చివరిదాకా వెళ్ళింది. భోజనశాల తలుపు దగ్గర, రోజూ బిగుసుకున్నట్టు ఆగిపోయే చోట, ఎవరో బుగ్గన దాచుకున్నదేదో గబుక్కున మింగిన చప్పుడు వినిపించింది. ఆ వెనక చిన్న నవ్వు.

ఒకాయన చేతిలోని పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుంపు తోటవైపు వెళ్ళిపోయింది. నడవలో వాళ్ళిద్దరే మిగిలారు.

"అదెక్కడ నేర్చుకున్నారు?" అంది వెర్లీన్.

"ఏది? ఓ, అదా. నేర్చుకోవడమేముంది? పొయ్యి దగ్గరినుంచి బల్ల దగ్గరికి గిన్నె తీసుకెళ్ళేటప్పుడు మా ఇంటి ఆడవాళ్ళంతా వేసేదే. దానికి మొదలూ లేదు, చివరా లేదు. మా నాన్న వెక్కిరించేవాడు. మీ వంశానికి పాటలో మధ్యముక్క తప్ప రాదే అనేవాడు."

"ఎందుకు వేసేవారు?"

"ఎందుకంటే ఏం చెప్పను? ఆట అది. పెద్దది ఈల వేస్తున్నంతసేపూ చిన్నది గిన్నెలోంచి ఒక ముద్ద తినొచ్చు. ఈల ఆగేసరికి నోరు ఖాళీగా ఉండాలి. మా చెల్లెలు వేడి బిస్కెట్ రొట్టె మొత్తం అంతలోనే మింగేసేది. పాములా." ఐడెల్లా నవ్వబోయి ఆగింది. వెర్లీన్ ముఖం చూసింది. "ఏమైంది?"

వెర్లీన్ పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. ఆమెకు కళ్ళ ముందు ఒక పుస్తకం కనిపిస్తోంది. తోట అజమాయిషీ చేసినవాడు రాసుకున్న పనివాళ్ళ హాజరు పుస్తకం. "పళ్ళాలు మోసేవాళ్ళు ఇద్దరు ఉండేవారు," అంది నెమ్మదిగా. "హాజరులో రోజూ అలాగే ఉంటుంది. డోర్కస్, మరొకతె. ఆ రెండో పిల్ల పేరు ఎక్కడా రాయలేదు. అధ్యక్షుడు పోయిన మరుసటి మార్చినుంచి ఆ మరొకతె లేదు. డోర్కస్ ఒక్కతే."

"మార్చిలోనే అమ్మారంది మా అమ్మమ్మ. చెట్లు పూస్తున్నాయని చెప్పేదట సిల్వీ."

"ఏప్రిల్లో డోర్కస్‌కు మొదటి శిక్ష. నడవలో నిశ్శబ్దానికి అని రాశాడు. ఆ ఏడాదిలో తొమ్మిది సార్లు. కొరడా దెబ్బల లెక్క కూడా ఉంది. అంతకు ముందు ఒక్కసారీ లేదు. ఆమె ఆగి తినేదని, అందుకే దొరికిపోయేదని అనుకున్నాను. అదే చెప్పాను అందరికీ."

"తన బదులు ఈల వేసేవాళ్ళు లేకుండా ఎవరు తింటారు? దొరికిపోమూ?" అంది ఐడెల్లా. "అంత తెలివి తక్కువదా నీ డోర్కస్?"

"మరి ఎందుకు ఆగింది?"

ఐడెల్లా గుంజ మీద చెక్క పేడు ఒకటి లేచి ఉంటే దాన్ని బొటనవేలితో అణిచింది. "మేమిద్దరం ఒకే మంచం మీద పెరిగాం. గోడవైపు చెల్లెలు, ఇటు నేను. పెళ్ళిళ్ళయి, మొగుళ్ళు పోయి, మళ్ళీ ఆ ఇంట్లోకే చేరాం. అది పోయి నాలుగేళ్ళయిందా? నేనింకా గోడవైపుకు దొర్లలేదు. ఆ చోటు దానిది."

ఈల ఆపకూడని చోట నిశ్శబ్దంగా ఉండిపోవడానికి వెల ఎంతో తెలిసీ, తెలిసిన మర్నాడు కూడా అదే చోట మళ్ళీ ఆగిన ఒక పదహారు, పదిహేడేళ్ళ పిల్ల గురించి వెర్లీన్ ఆలోచించింది. ధైర్యం గురించి తాను ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధం కాదు. కానీ అది తిండి కోసం చేసిన ధైర్యం కాదు, పాటలో సిల్వీ చోటును ఖాళీగా ఉంచడానికి చేసినది. ఆ సంగతి పుస్తకంలో ఉంది, ఈలలోనూ ఉంది. రెంటినీ రోజూ చూస్తూ, వింటూ, పక్కపక్కన పెట్టుకోవాలని ఆమెకు తోచలేదు.

శుక్రవారం పొద్దున్నే సంఘం పెద్ద థాడియస్ పేటన్ ఇంటికి వెళ్ళింది. ఆయన చర్చిలో డీకన్. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాడు. హాజరు పుస్తకం నకలు తీసి బల్ల మీద పరిచి, నడవలో జరిగింది చెప్పింది. ఆయన కాఫీ చల్లారేదాకా విన్నాడు.

"రెండు కాగితాల నియమం పెట్టిందెవరు, సిస్టర్?"

"నేనే."

"నా సొంత బావమరిదిని గుమ్మంలోంచి వెనక్కి పంపిందెవరు?"

"నేనే. ఆయన వంశవృక్షం డబ్బిచ్చి గీయించుకొచ్చాడు."

"రంగులు బాగుండేవి," అన్నాడు డీకన్ విచారంగా. "ఇప్పటికీ మా ఆవిడ ఆ సంగతి ఎత్తితే నేను పెరట్లోకి వెళ్ళిపోతాను. సరే. ఈ పేజీలు ఒక కాగితం అనుకుందాం. రెండోది? రుజువు అనే గడిలో ఏం రాస్తావు?"

"నడవలో విన్నాం అని రాస్తాను."

"ఆఫీసువాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ." ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. పదేళ్ళుగా మోసిన బరువు అంత చిన్న మాటతో దిగిపోతుందని అనుకోలేదు. "వాళ్ళు రాసినది మాత్రమే మనం అనుకుంటూ కూర్చున్నాను, డీకన్. మనవాళ్ళలో వాళ్ళు రాయనివాళ్ళను నేనే గేటు దగ్గర ఆపేశాను. ఎంతమందిని పంపేశానో ఇప్పుడు గుర్తుచేసుకోవాలంటే భయంగా ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "రాయి చెక్కే అబ్బాయికి ఫోన్ చేస్తాను. భోజనానికి వెళ్ళకముందే పట్టుకోవాలి." రిసీవరు ఎత్తబోతూ ఆగాడు. "మా బావమరిదిని మాత్రం మళ్ళీ పిలవక్కరలేదు కదా?"

"ఆయన్ని ముందు ఈల వెయ్యమనండి."

ఆ మధ్యాహ్నం సమాధుల తోటలో ఉలి చప్పుడు వింటూ ఐడెల్లా కుర్చీ వేయించుకుని కూర్చుంది. డోర్కస్ పేరు కింద ఖాళీ లేకపోతే సిల్వీ పేరు పక్కనే చెక్కుతున్నారు. మూడయింది. నడవలో ఈల వంటింటి గడప దాటి బయలుదేరింది. నాలుగో గుంజ దగ్గర ఆగింది.

ఆగి, అక్కడే ఉండిపోయింది. నాలుగు అడుగులు గడిచినా తిరిగి అందుకోలేదు. నడవకు అటు ముప్పైమంది ఒహాయో నుంచి వచ్చినవాళ్ళు, ఇటు ఫలహారశాలనుంచి ట్రేలు పట్టుకొచ్చిన ఇద్దరు అమ్మాయిలు. గేటు పడిన రైలు పట్టాల దగ్గర నిలబడినట్టు అందరూ నిలబడ్డారు. దారిలో మనిషి ఉండగా తోసుకుని వెళ్ళడం మర్యాద కాదు. పది నిమిషాలయ్యాక ఎవరో వెర్లీన్‌కు ఫోన్ చేశారు.

"ఆమె కదలడం లేదండీ," అంది ఫోన్లో అమ్మాయి. "ఏం చెయ్యమంటారు?"

వెర్లీన్ సమాధుల తోటకు వెళ్ళేసరికి ఐడెల్లా రాతి దగ్గర వంగి, కొత్త అక్షరాల్లోంచి పొడి ఊదుతోంది.

"అక్కా, నడవలో నీకోసం ఆగింది."

ఐడెల్లా నెమ్మదిగా నడుము ఎత్తింది. "నాకోసమా?"

"నిన్న నువ్వు అందుకున్నావుగా. ఇవాళ కూడా అందుకుంటావని."

"రేపు సాయంత్రం నాకు బస్సుంది."

"అది రేపటి సంగతి."

"రేపు బస్సెక్కుతాను. ఎల్లుండి మూడింటికి ఇలాగే నిలబడిపోతుంది. అప్పుడు?"

వెర్లీన్ చెయ్యి అందించింది. గడ్డి మీదుగా ఇద్దరూ కొండ ఎక్కారు. పది అడుగులకోసారి ఐడెల్లా ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకుంటోంది. ఒకసారి ఆగినప్పుడు, "నాలుగేళ్ళుగా నేను ఎక్కడికి ఆలస్యంగా వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు," అంది. ఫిర్యాదులా అనలేదు. లెక్క చూసుకుంటున్నట్టు అంది. నడవలోకి వచ్చాక జనం తప్పుకున్నారు. ఆమె నాలుగో గుంజను పట్టుకుని, ఊపిరి సర్దుకుని, ఏడు స్వరాలూ వేసింది. ఈల కదిలింది. ఫలహారశాల అమ్మాయిలు దాని వెనకే ట్రేలతో లోపలికి వెళ్ళారు.

శనివారం రాతి మీది గుడ్డ తీశారు. పేర్లు చదివారు. నూటపదమూడు. మూడయ్యేసరికి ఐడెల్లా పాటల మధ్యలోంచి లేచి నడవకు వెళ్ళి వచ్చింది. బస్సు ఎక్కలేదు. ఆదివారం చర్చినుంచి వచ్చి మళ్ళీ వెళ్ళింది. సోమవారం వెర్లీన్ అడిగితే, రోజూ ఈల అందుకునే ఉద్యోగమేదీ తమ దగ్గర లేదన్నారు ఆఫీసువాళ్ళు. మంగళవారం ఆమెకు జ్వరంగా ఉండి నాలుగింటి దాకా రాలేకపోతే, నడవ గంటసేపు మూసుకుపోయింది. బుధవారం అలాంటి ఉద్యోగం ఉందని తేలింది. పాత చాకలింటి పైన గది బాగుచేసి ఇచ్చారు. చర్చి ఆడవాళ్ళు పరుపూ దుప్పట్లూ తెచ్చారు. నాచెజ్ ఇంటిని ఆమె పొరుగింటి ఆయన చూసుకుంటానన్నాడు. చనిపోవడానికి ఏర్పాట్లు చేసుకుందామని వచ్చిన మనిషి, కిటికీకి ఏ రంగు తెర వేయాలా అని డీకన్ భార్యతో అరగంట వాదించింది.

అలా వేసవి పోయింది. ఆకులు రాలి, కొండలు గోధుమ రంగుకు తిరిగాయి. నవంబరులో ఒక రోజు నాలుగో స్వరం తరవాత ఐడెల్లాకు దగ్గు వచ్చింది. ఈల ఓపికగా ఆగింది. ఆమె మొదటినుంచి మళ్ళీ వేసింది. ఈసారి ఏడూ వచ్చాయి గానీ చివరిది సన్నగా వణికింది. ఆ సాయంత్రం వంటింటి కిటికీలు మూస్తున్న వెర్లీన్ వెనకాల వచ్చి కూర్చుంది.

"నీకు ఈల వచ్చా?"

"రాదు."

"రాదా, వెయ్యవా?"

"మా ఇంట్లో ఎవరం వెయ్యం," అంది వెర్లీన్. "స్వేచ్ఛ వచ్చిన రోజున డోర్కస్ ఒట్టు పెట్టించిందట. నా కడుపున పుట్టినవాళ్ళెవరూ తిండి ముందు ఈల వెయ్యకూడదని. మా అమ్మ మమ్మల్ని కూనిరాగం కూడా తియ్యనిచ్చేది కాదు."

"మంచి ఒట్టు. సిల్వీ దగ్గర కూడా అలాంటిదే ఒకటి ఉండి ఉంటే నేనిక్కడికి రాకపోదును." ఐడెల్లా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. "కానీ నువ్వు వేసేది యజమాని తిండి ముందు కాదుగా. నువ్వు వేస్తుంటే డోర్కస్ తింటుంది. అది వేరు. నేను ఎంతకాలం ఈ మెట్లెక్కి దిగుతానో ఆ దేవుడికే తెలుసు. నా తరవాత ఆమెను అక్కడ మళ్ళీ నిలబెడతావా?"

వెర్లీన్ కిటికీ గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. బయట నడవ ఖాళీగా ఉంది. ఆ ఒట్టు నూటయాభై ఏళ్ళకు పైగా ఆమె ఇంట్లో అన్నం పెట్టినంత నమ్మకంగా ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి వచ్చింది. దాన్ని దింపడమంటే ఎవరినో అవమానించడమేమో అనిపించింది. ఆ తరవాత నడవలో, భోజనశాల తలుపు దగ్గర, రోజూ వినిపిస్తున్న ఆ చిన్న నవ్వు గుర్తొచ్చింది. ఒట్టు పెట్టిన మనిషి నవ్వే అది.

కిటికీ మూసి వచ్చి, ఐడెల్లాకు ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. పెదవులు ముందుకు చాచి ఊదింది. ఒట్టి గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. గాలే.

"పెదవులు తడుపుకో ముందు," అంది ఐడెల్లా.